బాత్‌రూముకి మూడు మెట్లు

ఆ వేసవి మా ఇంట్లో కొలవకుండా మిగిలిన వస్తువు లేదు. నా చొక్కా జేబులో కళ్ళజోడు పక్కన ఒక ఇనుప టేపు ఉండేది. కోడలు జాస్మిన్ వంట మధ్యలో ఆగి గట్టు ఎత్తు జానలతో చూసుకునేది. మా అబ్బాయి తౌఫీక్ మోటారుసైకిళ్ళ మెకానిక్కు. పొద్దున్నే షెడ్డుకి బయల్దేరుతూ గుమ్మంలో బండి ఆపి, హ్యాండిలు ఎంత వెడల్పుందో కొలిచి, ఆ అంకె అరచేతిలో రాసుకుని పోయేవాడు. నా మనవరాలు మిస్బాకి పదిహేను నెలలు. టేపు బయటికి లాగి వదిలితే చప్పుడు చేసుకుంటూ లోపలికి పోవడం దానికి పెద్ద వింత. ఇల్లంతా దిగులుగా ఉన్న ఆ రోజుల్లో ఆ చప్పుడుకి అది నవ్విన నవ్వే మాకు దక్కిన నవ్వు.

ఈ కొలతల పిచ్చి మాకు అంటించింది ధనుంజయరావు గారు. నరసరావుపేటలో తాపీమేస్త్రీగా మొదలై బిల్డరైన మనిషి. పల్నాడు రోడ్డులో నేను ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న మందుల షాపులోనే ఆయన బీపీ మాత్రలు కొంటారు. ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం మాత్రల కోసం వచ్చినప్పుడు, రావిపాడు రోడ్డులో మాకున్న మూడు సెంట్ల సంగతి చెప్పి, ఇల్లు కట్టిపెడతారా అని అడిగాను. ఎంతవుతుందో చెబుతారనుకున్నాను. ఆయన కౌంటరు మీద మోచేతులు ఆనించి, ప్లాను ఎవడైనా గీస్తాడన్నారు.

"ముందు మీరు ఇంట్లో వాళ్ళంతా కూర్చోండి షౌకత్ గారూ. ఇప్పుడున్న కొంపలో ఏది మిమ్మల్ని ఏడిపిస్తందో ఒక కాయితం మీద రాయండి. ఆ కాయితం తీసుకుని జూన్ మొదటి వారంలో స్థలం కాడికి రండి. అది లేకుండా మాత్రం రావద్దు. స్లాబు పడ్డాక ఇది మర్చిపోయామండీ అంటే నేనేం చెయ్యలేను."

వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, ఆడవాళ్ళని అడిగి రాయమన్నారు. మగవాళ్ళు రాసిన కాయితాల్లో వరండా తప్ప ఏమీ ఉండదట.

మేం అద్దెకుండేది బరంపేటలో. ఒక పెద్ద గది, ఒక వంటగది, వెనక పెరడు. పెరట్లో మూడు మెట్లెక్కితే బాత్‌రూము. ఎప్పుడో వానాకాలం మురుక్కాలవ పొంగి లోపలికొచ్చిందని ఇంటి ఓనరు దాన్ని ఎత్తు మీద కట్టించాడు. పద్దెనిమిదేళ్ళు మేం ఆ మెట్లెక్కాం, దిగాం. అవి మెట్లన్న ధ్యాసే మాకు లేదు. నా భార్య బషీరున్నీసాకి పక్షవాతం వచ్చి ఎడమపక్క పడిపోయిన రోజు నుంచే వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టాం.

ఆ వేసవికి ఆమె పోయి ఎనిమిది నెలలు.

కాయితం రాయడం మొదలుపెట్టిన రోజు జాస్మిన్ మంచం కింద నుంచి ఆకుపచ్చ ట్రంకుపెట్టె బయటికి లాగింది. అందులో ఉన్నవన్నీ సొంతింటికని బషీరున్నీసా దాచినవి. ఆరు స్టీలు గ్లాసులు, కవరు విప్పని కర్టెన్లు రెండు, అట్టపెట్టెలో గోడగడియారం, హంస మెడలా వంపు తిరిగిన ఒక కుళాయి. ఇంట్లో కుళాయి కారుతుంటే గుడ్డ పేలిక చుట్టేది కానీ దీన్ని తియ్యనిచ్చేది కాదు. ఇది సొంతింటికి అనేది. మా ఇంట్లో మంచి వస్తువు ఏది కొన్నా అదే మాట. నేనూ అదే మాట అనేవాణ్ణి. ఆమెకి పక్షవాతం వచ్చాక తౌఫీక్ ఒక బస్తా సిమెంటు తెచ్చి మెట్ల మీద ఏటవాలుగా బాట పోద్దామన్నప్పుడు, ఏడాదిలో సొంతింటికి పోతాం, అద్దె కొంపకి సిమెంటెందుకురా అన్నది నేనే. ఆమె కూడా తలూపింది. ఓనరు ఒప్పుకుంటాడో లేదో మేం ఒక్కసారైనా అడిగింది లేదు.

షాపుకి మందుల కంపెనీ వాళ్ళు ఇచ్చిన రాత పుస్తకంలో నుంచి ఒక కాయితం చింపి, నేను రాసుకున్నాను.

ఒకటి: పడుకునే గది కిందే ఉండాలి, బాత్‌రూము ఆ గదిలోనే ఉండాలి, మధ్యలో మెట్టు ఉండకూడదు. రెండు: తలుపులు మూడడుగుల మూడంగుళాల కంటే తగ్గకూడదు. మూడు: బాత్‌రూము గోడకి పట్టుకునే కమ్మీ ఉండాలి. నాలుగు: వీధి వాకిలికి మెట్లు కాకుండా ఏటవాలు బాట.

మూడడుగుల మూడంగుళాలని ఊరికే రాయలేదు. మడిచి తలుపు వెనక పెట్టిన చక్రాల కుర్చీని బయటికి తీసి కొలిచాను. రెండడుగుల రెండంగుళాలుంది. మా తలుపు రెండడుగుల మూడంగుళాలు. ఆ ఒక్క అంగుళంలో ఆమె కుడిచేతి వేళ్ళ కణుపులు ఎన్నిసార్లు గీసుకుపోయాయో. దూదితో మందు రాసేవాణ్ణి. అబ్బా అనేది కాదు, నా చేతివంక చూసేది. మందులవాడు మొగుడైతే ఇదే సుఖం అనేది.

మేలో ఎండలు ముదిరాయి. నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి. ఒకరాత్రి అన్నాలయ్యాక తౌఫీక్ నా కాయితం పక్కన తన కాయితం పెట్టాడు. అది రాత కాదు, బొమ్మ. కింద రోడ్డు వైపు రెండు షట్టర్లు, వెనక సామాన్ల గది. పక్క నుంచి పద్దెనిమిది మెట్లు, పైన ఇల్లు. ఒక షట్టర్లో తన షెడ్డు, రెండోది అద్దెకి. బ్యాంకు లోను ఆ అద్దె మీదే తీరుతుందని నెమ్మదిగా, నాకు అర్థం కావాలని రెండుసార్లు చెప్పాడు. తర్వాత నా కాయితం చేతిలోకి తీసుకుని చదివాడు.

"నాయనా, ఇదంతా అమ్మకి రాశావు."

నేను కాయితం కోసం చెయ్యి చాచాను.

"అమ్మ లేదుగా," అన్నాడు. ఆ మాట వాడికీ కష్టంగానే ఉంది. అనేశాక తలెత్తలేదు.

వాడన్నది నిజం. నాలుగు నంబర్లలో ఒక్కటీ బతికున్నవాళ్ళది కాదు. పెన్ను తీసి వాడి ఎదుటే నాలుగూ కొట్టేశాను. వాడు నా చేతిలోంచి పెన్ను తీసుకుని మూత పెట్టి జేబులో గుచ్చాడు. ఫ్యాను నా వైపు తిప్పి, తను వాకిట్లో మంచం వేసుకున్నాడు.

తర్వాతి ఆదివారం షాపు ఒంటిపూట. ఇంటికొచ్చేసరికి రెండయింది. మిస్బా లోపల నిద్రపోతోంది. జాస్మిన్ పెరట్లో బాత్‌రూము మెట్లలో కింది మెట్టు మీద, గోడ నీడలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఏడాదికి సరిపడా పండు, ముందు పెద్ద గోనెసంచి పరిచి ఉంది. నేను మొహం కడుక్కుని, వంటగదికి ఏం కావాలో చెబితే రాసుకుంటాను, బిల్డరు ఆడవాళ్ళని అడగమన్నాడు అన్నాను. ఆమె నా చేతిలో కాయితం చూసింది.

"ఒకటో నంబరు ఎందుకు కొట్టేశారు మామా?"

తౌఫీక్ చెప్పింది చెప్పాను. వాడి లెక్కే సరైనదన్నాను. పైన గాలి కూడా బాగా వస్తుందన్నాను. ఆమె వినలేదో ఏమో, ఇంకో నాలుగు కాయలు విప్పింది. గింజలు పళ్ళెంలో పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. మాచర్ల పిల్ల, మామూలుగా గట్టిగా మాట్లాడుతుంది. అప్పుడు మాత్రం గింజలతో చెప్పినట్టు చెప్పింది.

"అత్తమ్మ రోజాలు ఉండలేదు మామా."

నాకు అర్థం కాలేదు. జబ్బు చేసినవాళ్ళకి ఉపవాసం మినహాయింపే. అయినా బషీరున్నీసా మంచాన పడ్డాక కొన్నాళ్ళకి రోజాలు మొదలుపెట్టింది. నడిచిన రోజుల్లో వదిలేసినవి చానా ఉన్నాయి, కూర్చున్న రోజుల్లో తీర్చుకుంటానంది. పగలంతా పచ్చి గంగ ముట్టనంది. నేను వద్దన్నాను, ఆమె వినలేదు. చివరికి నేనే షుగరు మాత్రల వేళలు తెల్లవారికీ రాత్రికీ మార్చి ఇచ్చాను. మసీదులో ఒకరిద్దరికి చెప్పుకున్నాను కూడా. చెప్పుకుంటే గొప్పగా ఉండేది.

"ఉపవాసం అయితే అన్నం ఎట్టా తింటది?" అంది జాస్మిన్. "మీరు షాపుకి పోయినాక పదకొండు గంటలకి రెండిడ్లీ తినేది. రెండింటికి పెరుగన్నం, గట్టిది. నీళ్ళే తాగేది కాదు. రోజా అంటే నీళ్ళు తాగమని ఎవరూ బలవంతం చెయ్యరు, మీ మామ అసలే చెయ్యడు అంది."

పొద్దున షాపుకి వెళ్ళేముందు నేను ఆమెని ఎత్తుకుని ఈ మూడు మెట్లెక్కేవాణ్ణి. సాయంత్రం ఆరింటికి తౌఫీక్ షెడ్డు నుంచి వచ్చేవాడు. ఆ మధ్యలో తొమ్మిది గంటలు ఎత్తాల్సింది జాస్మినే. మంచం మీదకి వాడే గిన్నె షాపు నుంచి నేనే తెచ్చాను. ఉన్నది ఒకటే గది, అక్కడే నమాజు చేసుకుంటాం, అక్కడ అది పెట్టొద్దని బషీరున్నీసా ముట్టనివ్వలేదు.

"నాకప్పుడు మూడో నెల," అంది జాస్మిన్. "ఒకరోజు ఇదిగో ఈ రెండో మెట్టు కాడ పట్టు తప్పింది. పడలా. గోడకి ఆనుకుని నిలబడ్డాం ఇద్దరం. సాయంత్రానికి నాకు కొద్దిగా రక్తం కనపడింది. డాక్టరమ్మ బరువులెత్తొద్దంది. అత్తమ్మకి ఒక్కదానికే చెప్పా. తెల్లారినుంచి ఆమె రోజాలు మొదలుపెట్టింది."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నా కడుపు మీద చెయ్యి పెట్టి ఒట్టేయించుకుంది. మీకు తెలిస్తే షాపు మానేసి ఇంట్లో కూర్చుంటారంది. కాన్పు అయితే తాగుద్దిలే అనుకున్నా. నాకు ఆపరేషనయింది. డాక్టరమ్మ మళ్ళీ మూణ్ణెల్లు బరువులెత్తొద్దంది. ఆ తర్వాత అడిగితే, ఇంక అలవాటైపోయింది, ఇప్పుడు దప్పికే వెయ్యట్లా అంది అత్తమ్మ."

దగ్గర దగ్గర ఏడాది, మధ్యలో ఒక నిండు వేసవి. ఆగస్టులో కిడ్నీలు పాడయ్యాయన్నారు. డాక్టరు షుగరు వల్లన్నాడు. షుగరుందన్నదీ నిజమే. ఏది ఎంతో నాకు తెలియదు, తెలిసినా ఇప్పుడేం చేసేది లేదు. నేను ముప్పై ఏళ్ళుగా కౌంటరు వెనక నిలబడి, ఎండలు మండుతున్నాయి, ఈ మాత్రలకి నీళ్ళు బాగా తాగాలి అని రోజుకి యాభైమందికి చెప్పే మనిషిని. ఇంట్లో ఆమె ఎన్ని గ్లాసులు తాగుతోందో చూడలేదు. పెదాలు ఎండిపోయి ఉంటే రోజా అనుకున్నాను.

రోజాలు మొదలయ్యాక రోజుకి ఎన్నిసార్లు ఎత్తేదానివని అడిగాను. ఒక్కసారి, అదీ కొన్ని రోజులు లేదు అంది. లోపల మిస్బా కదిలినట్టుంది. జాస్మిన్ చేతులు కడుక్కుని లేచింది. గుమ్మంలో ఆగింది.

"కమ్మీ కొట్టేస్తే కొట్టెయ్యండి మామా, వీధి బాట కొట్టేసినా పర్లేదు. ఒకటో నంబరు ఉంచండి. నాకూ వయసొస్తది. అప్పుడు ఈ పిల్ల మొయ్యాల."

ఆమె లోపలికి పోయాక నేను ఆ మెట్లని టేపుతో కొలిచాను. ఏడంగుళాలు, ఎనిమిది, మళ్ళీ ఏడు. ఒక బస్తా సిమెంటు కూడా పూర్తిగా పట్టేది కాదు.

మర్నాడు షాపుకి వెళ్తూ తౌఫీక్ షెడ్డు దగ్గర ఆగాను. వాడు ఒక బండి ఇంజను విప్పి నేల మీద పరుచుకుని కూర్చున్నాడు. ఒక షట్టరు చాలని, దాని వెనకే కింద ఒక గది, గదిలోనే బాత్‌రూము కట్టాలని చెప్పాను. రెండో షట్టరు అద్దె లేకుండా లోను ఎట్టా కడతామన్నాడు. ఆ డిసెంబరుకి నాకు అరవై నిండుతాయి, అప్పుడు షాపు మానేద్దామనుకున్నాను. ఇంకో నాలుగేళ్ళు చేస్తానన్నాను.

"నీ మోకాళ్ళతో నాలుగేళ్ళు నిలబడతావా?"

"స్టూలు వేయించుకుంటా."

"అసలు ఏందయింది నాయనా? మొన్న నువ్వే కొట్టేశావుగా."

చెప్పడానికి నోరు తెరిచాను. వాడి చేతులనిండా నల్లటి గ్రీసు. రోజూ సాయంత్రం ఆ చేతులు కిరసనాయిలుతో కడుక్కుని, మళ్ళీ సబ్బుతో కడుక్కుని, వాళ్ళమ్మని ఎత్తుకుని ఆ మెట్లెక్కించినవాడు. ఆరింటికల్లా రావడానికి వచ్చిన బేరాలు వదులుకున్నవాడు. తను వచ్చేదాకా ఆమె ఆపుకుని కూర్చునేదని వాడికి ఏ నోటితో చెప్పను? నా మాట వినమన్నాను, అంతే. వాడు వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. కానీ ఆ ఆదివారం నా కాయితం మీద కొట్టేసిన ఒకటో నంబరు కింద, తన చేత్తో దాన్నే మళ్ళీ శుభ్రంగా రాసి పెట్టాడు. అక్షరాలు వాళ్ళమ్మవే, కుడివైపుకి వాలి ఉంటాయి.

జూన్ మొదటి వారం, బక్రీదుకి రెండు రోజుల ముందు స్థలం దగ్గరికి వెళ్ళాం. ధనుంజయరావు గారు అప్పటికే వచ్చి ఉన్నారు. ఒక మేస్త్రీ, పిడుగురాళ్ళ సున్నం బస్తా. ఇల్లు కాయితం మీద చూస్తే ఎవరికీ అర్థం కాదు, నేల మీద గీస్తేనే తెలుస్తుందని ఆయన పద్ధతి. తుమ్మచెట్లు కొట్టించి నేల చదును చేయించారు. పడమర మబ్బు పట్టింది కానీ వాన పడే మబ్బు కాదు. ఉక్కపోస్తోంది.

ఆయన కళ్ళజోడు పైకి నెట్టి కాయితం చదివారు. ఒకటో నంబరు దగ్గర ఆగారు.

"ఇంట్లో ఎవరికన్నా బాగాలేదా?"

"ఇప్పుడెవరికీ లేదండీ. బాగాలేనప్పుడు కట్టుకోవడం కుదరదు కదా."

ఆయన తలూపారు. షట్టరు వెనక స్థలం తక్కువ, గదిలోనే బాత్‌రూమంటే గది ఇరుకవుతుంది, బాత్‌రూము వెనక మూలకి జరిపితే మంచం పక్కన బీరువా కూడా పడుతుందని చెప్పారు. పది అడుగులే గదా, పెద్ద తేడా ఏముందన్నారు. తౌఫీక్ నా వంక చూశాడు. వాడికీ బీరువా పట్టడమే బాగుందనిపించినట్టుంది.

"బీరువా వద్దండీ," అన్నాను. "మంచం మీద ఉన్న మనిషి పగలు నీళ్ళు తాగడానికి భయపడకూడదు. అంత దగ్గరగా ఉండాలి."

ధనుంజయరావు గారు మేస్త్రీకి చెయ్యి ఊపారు. అతను గుప్పిలితో సున్నం పోసుకుంటూ వంగి నడిచాడు. ఎర్రమట్టి మీద తెల్లగీత గది చుట్టూ తిరిగి, మళ్ళీ లోపల ఒక చిన్న గడి కట్టింది. నేను చెప్పినట్టే మూడడుగుల మూడంగుళాలు వదిలి అక్కడ తలుపన్నాడు. మిస్బా ఆ తలుపులోంచి కాకుండా గోడ మీదుగా నడుచుకుంటూ పోయింది. కాళ్ళనిండా సున్నం. పిల్లకి గోడలు అడ్డం రావులే, మళ్ళీ పోస్తానని మేస్త్రీ నవ్వాడు.

నేను మంచం వచ్చే చోటు నుంచి బాత్‌రూము గడి దాకా నడిచాను. ఐదడుగులు. మెట్టు లేదు. వెనక్కి వచ్చి మళ్ళీ నడిచాను.

తౌఫీక్ పక్కకొచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "పగలు నీళ్ళేంది నాయనా? అమ్మ రోజాలు గదా ఉండేది?"

ఇంటికి పోయాక చెబుతానన్నాను. ఇవాళ్టికి ఆ ఇల్లు స్లాబు దాకా వచ్చింది. తలుపు చట్రాలు నిలబెట్టారు. హంస మెడ కుళాయి ఏ గోడకి వస్తుందో గుర్తు పెట్టారు. వాడు మళ్ళీ అడగలేదు, నేను ఇంకా చెప్పలేదు. అడగకపోవడం చూస్తే, సగం తెలిసే ఉంటుందనిపిస్తుంది.

ఆ రోజు మాత్రం వాడు ఇంకేదో అనబోయి జాస్మిన్ వంక చూసి ఆగిపోయాడు. ఆమె సున్నపు గడిలో, గదికీ బాత్‌రూముకీ మధ్య కూర్చుని పిల్ల కాళ్ళు కొంగుతో తుడుస్తోంది. తుడవడం అయ్యాక సంచిలోంచి నీళ్ళ సీసా తీసింది. ముందు పిల్లకి పట్టింది. తర్వాత తల వెనక్కి వంచి తను తాగడం మొదలుపెట్టి, సీసా ఖాళీ అయ్యేదాకా దించలేదు.

నేను చూడనట్టు అటు తిరిగి, చెదిరిన గీత మీద సున్నం పోశాను.